పరుగులో చూసిన తీరాన్ని నీటిరంగుల్లో వేయడం: గోపాల్‌పూర్ నుంచి బారువ దాకా

పరుగెత్తేటప్పుడు కన్ను ఆకుల్ని లెక్కపెట్టదు. సరుగుడు తోట ఒక నల్లటి ముద్ద, ఎండు ఇసుక ఒక తెల్లటి ముద్ద, ఆ రెంటి పక్కన తడి ఇసుక ఒక మెరిసే పట్టీ. అంతే కనపడుతుంది. దమ్ము తీసుకోవడానికి ఆగేసరికి ఆ మూడింటిలో ఏదో ఒకటి మనసులో నాటుకుపోయి ఉంటుంది. నీటిరంగులకు కావలసింది సరిగ్గా అదే. ఒడ్డున గంటసేపు కూర్చుని వేసిన బొమ్మలు ఎక్కువగా చెడేది వివరం ఎక్కువై. పరుగు ఆ ఎక్కువను ముందే వడకట్టేస్తుంది. అందుకే ఇక్కడ చెప్పే పద్ధతంతా ఒక్క నియమం మీద నడుస్తుంది: కాళ్లు ఎక్కడ నెమ్మదించాయో అక్కడి దృశ్యాన్నే వెయ్యాలి, అప్పుడు గుర్తున్నంత మేరకే వెయ్యాలి.

ఎక్కడ, ఏ వేళ

ఒడిశాలోని గోపాల్‌పూర్ దీపస్తంభం దగ్గర మొదలై నైరుతి దిశగా సాగితే సోనాపూర్ వస్తుంది. అక్కడ బాహుదా నది సముద్రంలో కలుస్తుంది. మొగకు ఆంధ్ర వైపున డొంకూరు, కవిటి తీరం దాటుకుంటూ వెళ్తే సోంపేట మండలంలోని బారువ. మొత్తం 50 కిలోమీటర్లకు పైమాటే. ఒక బొమ్మకు అంత దూరం అక్కర్లేదు. మూడు కిలోమీటర్లు వెళ్లి, అదే దారిన మూడు కిలోమీటర్లు వెనక్కి వస్తే చాలు. తీరం నీళ్ల వైపు వాలి ఉంటుంది కాబట్టి ఒకే దిశలో పరుగెత్తితే ఒక చీలమండ మీదే భారం పడుతుంది, తిరిగొచ్చేటప్పుడు అది రెండో కాలికి మారుతుంది. బొమ్మకూ ఇందులో లాభముంది. సోనాపూర్ వైపు వెళ్లేటప్పుడు పొద్దుటి వెలుగు ఎడమ భుజం మీద, వేసవిలోనైతే దాదాపు వీపు మీద పడుతుంది. తిరిగొచ్చేటప్పుడు అదే వెలుగు ముఖాన కొడుతుంది. ఇందాక పచ్చగా, గుండ్రంగా కనిపించిన తోట ఇప్పుడు కత్తిరించిన నల్లకాగితంలా ఉంటుంది. ఒకే చోటు రెండు బొమ్మలు.

ఈ తీరం సరిగ్గా తూర్పుకు తిరిగి లేదు, ఆగ్నేయానికి తిరిగి ఉంది. బొమ్మ వేసేవాళ్లు చాలామంది ఈ సంగతి పట్టించుకోరు. డిసెంబరులో సూర్యుడు దాదాపు నీళ్లకు ఎదురుగా లేస్తాడు. సముద్రం మీద మెరుపు దారి, ఒడ్డు గీతకు అడ్డంగా, సూటిగా పడుతుంది. జూన్‌లో బాగా ఈశాన్యానికి జరిగి, తీరం పొడవునా పక్కవాటుగా వెలుగు పంపిస్తాడు. అప్పుడు ఇసుకలో ప్రతి మడతకూ, ప్రతి కాలిముద్రకూ నీడ ఉంటుంది. మెరుపు వెయ్యాలంటే చలికాలం, ఇసుక వెయ్యాలంటే ఎండాకాలం చివర. పొద్దుపొడుపు జూన్‌లో ఐదుంబావు ప్రాంతంలో, జనవరిలో ఆరుంబావు దాటాక. దానికి అరగంట ముందే కాళ్లు ఇసుక మీద ఉండాలి, తర్వాత నలభై నిమిషాలకు పని ముగియాలి. ఆ పైన వెలుగు చదునైపోతుంది, ఉక్క మొదలవుతుంది.

తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది. ఎందుకంటే రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది, నీళ్లు వెచ్చగానే ఉంటాయి. ఈ గాలి అలల కొసల్ని వెనక్కి దువ్వుతుంది. అల ముఖం నున్నగా, గాజుపలకలా నిలబడుతుంది, నురగ తుంపర సముద్రం వైపే ఎగురుతుంది. పొద్దెక్కాక గాలి తిరగబడి నీళ్ల మీంచి నేల వైపు వస్తుంది. అప్పుడు అలలు చిందరవందర, ఇసుక రేణువులు వచ్చి తడి కాగితానికి అంటుకుంటాయి. బొమ్మలో తుంపర ఏ వైపు ఎగురుతోందో చూస్తే చాలు, అది ఏ పూట వేసిందో చెప్పేయొచ్చు. తెల్లవారు రంగులు వేసి తుంపరను ఒడ్డు వైపు ఎగరేస్తే, బెస్తవాళ్లు మొదటి చూపులోనే తప్పు పట్టేస్తారు.

పోటు, పాటు కూడా చూసుకోవాలి. రోజుకు రెండుసార్లు నీరు వెనక్కి తగ్గుతుంది, ఆ వేళ మర్నాటికి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో మరింత దూరం తగ్గుతుంది. పాటుకు గంట ముందు నుంచి గంట తర్వాత వరకు గట్టి తడి ఇసుక వెడల్పుగా దొరుకుతుంది. పరుగుకు అది రోడ్డు, బొమ్మకు అది అద్దం. మెత్తటి ఎండు ఇసుకలో అదే వేగంతో పరుగెత్తాలంటే గట్టి నేల మీదకన్నా దాదాపు 1.6 రెట్లు శక్తి ఖర్చవుతుంది. అలసి ఒగరుస్తూ చూసే కన్ను ఏమీ చూడదు కాబట్టి, ఎండు ఇసుకను దిబ్బ ఎక్కే నాలుగడుగులకే ఉంచుకోండి.

ఒక హెచ్చరిక. గంజాం జిల్లాలో ఋషికుల్య మొగ దగ్గర సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో సముద్రపు తాబేళ్లు వేల సంఖ్యలో గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆ రోజుల్లో అక్కడ పరుగు వద్దు, నుదుటి లైటు అసలే వద్దు. గుడ్లు పొదగడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది, పిల్లలు నీటి మెరుపును చూసి దారి పట్టుకుంటాయి, మన లైటు వాటిని తోట వైపు మళ్లిస్తుంది. ఏ నెలలోనైనా సరే, నది మొగను పరుగులో దాటే ప్రయత్నం చెయ్యొద్దు. పోయినవారం మోకాల్లోతున్న చోట ఈ వారం నిలువు లోతు ఉంటుంది.

నడుముకు కట్టుకునే సామాను

సంచి అంతా కలిపి 400 గ్రాములు మించకూడదు. మించితే అది ప్రతి అడుగుకూ ఎగిరి నడుముకు కొట్టుకుంటుంది, మూడో కిలోమీటరుకే పరుగు మీద విసుగొస్తుంది. అందులో ఉండాల్సినవి: జిప్ కవరులో చేతివాటు స్కెచ్‌బుక్, ఒక 4బి పెన్సిలు, నీళ్లు నింపుకునే బ్రష్‌పెన్ను, నల్లరంగో ముదురు గోధుమరంగో ఒక్కటే పాన్ (గట్టి రంగుబిళ్ల), చేతిరుమాలు. బయట రంగులు వెయ్యం, గుర్తులు మాత్రమే వేసుకుంటాం. రంగుల పెట్టె ఇంట్లోనే ఉండాలి.

పుస్తకంలో ముందురోజే ఒక్కో పేజీకి నాలుగు చట్రాలు గీసుకోండి, ఒక్కొక్కటి 6 సెంటీమీటర్లు × 9 సెంటీమీటర్లు. చట్రం లేకుండా మొదలుపెడితే చెయ్యి పేజీ అంతా పాకుతుంది, దృశ్యానికి అంచు ఎక్కడో తేలదు.

చెమట చేతులతో, ముఖ్యంగా కొబ్బరినూనె గానీ ఎండ క్రీము గానీ రాసుకున్న చేతులతో కాగితాన్ని తాకొద్దు. ఆ జిడ్డు ఇప్పుడు కనపడదు, ఇంట్లో రంగు వేశాక వేలిముద్రల ఆకారంలో తెల్ల మచ్చలుగా బయటపడుతుంది. రుమాలు మణికట్టుకు చుట్టుకుంటే సరి. నీళ్లు అయిపోతే సముద్రపు నీళ్లతో బ్రష్ ముంచొద్దు. ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటూనే ఉంటుంది, అది చేరిన కాగితం ఎన్నాళ్లకూ పూర్తిగా ఆరదు.

నల్లకళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు అవి పోలరైజ్డ్ రకమా అని చూసుకోవాలి. ఆ అద్దాలు తడి ఇసుక మీద ప్రతిబింబాన్ని చంపేస్తాయి. పరుగుకు హాయి, బొమ్మకు నష్టం. ఆగిన చోట తీసి చూడండి.

ఆగడం, చూడడం

మూడు చోట్ల ఆగండి. ఎక్కడ ఆగాలో ముందే నిర్ణయించుకోవద్దు. సాధారణంగా అది దారి మారిన చోట అవుతుంది: సరుగుడు తోట నీడలోంచి ఒక్కసారిగా దిబ్బ మీదికి వచ్చి సముద్రం ఎదురైన చోటు, తడి ఇసుక ఉన్నట్టుండి నల్లగా మారిన చోటు, అలివి వల (ఒడ్డు నుంచి లాగే పెద్ద వల) లాగుతున్న జట్టు దారికి అడ్డొచ్చిన చోటు.

ఆగగానే పెన్సిలు తియ్యొద్దు. గుండె దడ తగ్గేదాకా మూడు నిమిషాలు చెయ్యి వణుకుతూనే ఉంటుంది. ఆ మూడు నిమిషాలు కళ్లు సగం మూసి చూడండి. ఇలా చూస్తే రంగులు పోయి వెలుగు, చీకటి మాత్రం మిగులుతాయి. వాటికి ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు ఇచ్చుకోండి. ఒకటి అంటే తెల్ల కాగితం, ఐదు అంటే తోట అడుగున నీడ. మామూలు పొద్దుటిపూట ఈ తీరంలో ఎండు ఇసుక రెండు, తడి ఇసుక మూడు నుంచి నాలుగు, ఆకాశం ఒకటి నుంచి రెండు, దూరపు సముద్రం మూడు, ఎదురు వెలుగులో సరుగుడు ఐదు. ఆ తర్వాత సముద్రానికి వీపు తిప్పి, చూడకుండా, చట్రంలో ఆ ముద్దల్ని రెండు నిమిషాల్లో గియ్యండి, అంకెలు వెయ్యండి. గీసింది పూర్తయ్యాక ఒక్కసారి వెనక్కి తిరిగి ఒక్క తప్పు మాత్రం దిద్దండి. ఈ వీపు తిప్పడం వింతగా అనిపించినా పద్ధతికి గుండెకాయ ఇదే. చూస్తూ గీస్తే కనిపించినదంతా దిగుతుంది, చూడకుండా గీస్తే నిలిచినదే దిగుతుంది.

రంగులకు మాటలు రాసుకోండి, అదీ వంటింటి మాటల్లో. 'ఆకాశం అడుగున పలచటి టీ', 'అల లోపల ఉసిరికాయ పచ్చ', 'తడి ఇసుక బెల్లంపాకం'. ఇంటికొచ్చాక 'లేత నీలం' అన్న మాట ఏ నీలాన్నీ గుర్తుచెయ్యదు, ఉసిరికాయ వెంటనే కళ్లముందు నిలబడుతుంది.

ఫోన్‌తో ఫోటో తీసుకోవచ్చు, కాని చిన్న సంగతుల కోసమే: పడవ కొస వంపు, లంగరు ఆకారం, మొగలి వేళ్లు నేలలోకి దిగిన తీరు. మొత్తం దృశ్యాన్ని ఫోన్ చూసి వేస్తే రెండు తప్పులు వస్తాయి. దాని వెడల్పు లెన్సు దూరపు కొండల్ని చీమంత చేస్తుంది. ఎదురు వెలుగులో ఆకాశాన్ని తెల్లగా, చెట్లను తారులా చేస్తుంది. బారువ, సోంపేట వైపు నుంచి పడమటికి చూస్తే ఆకాశం శుభ్రంగా ఉన్న రోజున తూర్పు కనుమలు, వాటిలో 1501 మీటర్ల మహేంద్రగిరి కనిపిస్తాయి. కంటికి అవి ఎంత పెద్దగా అనిపిస్తాయో ఫోటోలో అంత చిన్నవైపోతాయి. పరుగులో మనసు చూసిన పరిమాణాన్ని నమ్మండి.

దిగంత రేఖ లెక్క

తీరపు బొమ్మ నిలబడేదీ పడేదీ ఈ ఒక్క గీత మీదే. ఇది ఎప్పుడూ మీ కంటి ఎత్తులో ఉంటుంది. 1.7 మీటర్ల కంటి ఎత్తుతో నీళ్ల అంచున నిలబడితే దిగంతం సుమారు 4.7 కిలోమీటర్ల దూరం. 6 మీటర్ల దిబ్బ ఎక్కితే అది దాదాపు 10 కిలోమీటర్లకు జరుగుతుంది, నీళ్ల పట్టీ బొమ్మలో బాగా వెడల్పవుతుంది. అందుకే దిబ్బ మీంచి చూసిన సముద్రాన్ని సన్నటి పట్టీగా వేస్తే అది ఎత్తులోంచి చూసినట్టు అనిపించదు.

దీన్నించి ఒక పని నియమం వస్తుంది. మీరు నిలబడిన మట్టంలోనే, దాదాపు మీ ఎత్తే ఉన్న మనిషి దగ్గరున్నా దూరంగా ఉన్నా అతని తల దిగంత రేఖ మీదే పడుతుంది. పాదాలు మాత్రమే పైకీ కిందికీ జరుగుతాయి. వల లాగేవాళ్లలో దూరంవాళ్ల తలల్ని గీత కిందికి దించితే వాళ్లు గోతిలో నిలబడ్డట్టుంటారు. దిబ్బ మీంచి చూస్తే మాత్రం అందరి తలలూ గీతకు కిందే ఉండాలి.

తోటలోని కాలిబాటకు కూడా ఇదే లెక్క. చదునైన బాట అంచులు రెండూ దిగంత రేఖ మీద ఒక బిందువు వైపు కలుస్తాయి. బాట ఎక్కుతుంటే అవి గీతకు పైన, దిగుతుంటే కింద కలుస్తాయి. పరుగులో కాళ్లకు తెలిసిన ఎగుడు దిగుడు బొమ్మలో కనపడేది ఇక్కడే.

ఆకాశం గొప్పగా ఉంటే గీతను కాగితం అడుగు నుంచి మూడో వంతులో, ఇసుక గొప్పగా ఉంటే పై నుంచి మూడో వంతులో పెట్టండి. సరిగ్గా మధ్యలో పెడితే కాగితం రెండు చెక్కలవుతుంది. స్కేలుతోనే గియ్యండి. ఒక మిల్లీమీటరు వాలినా సముద్రం ఒలికిపోతున్నట్టు ఉంటుంది.

రంగులు కలపడం

ఆరు చాలు: అల్ట్రామెరీన్ నీలం, సెరూలియన్ నీలం, ఎల్లో ఓకర్, బర్న్‌ట్ సియన్నా, అలిజరిన్ క్రిమ్సన్, విరిడియన్. నల్లరంగు వద్దు, విరిడియన్ తప్ప మరో రెడీమేడ్ ఆకుపచ్చా వద్దు. తెల్ల గువాష్ (అడుగు కనపడనివ్వని చిక్కటి రంగు) ఒక చిన్న ట్యూబు, చివరి రెండు చుక్కలకు.

ఈ తీరపు ఇసుక పసుపు కాదు. ఛత్రపురం ప్రాంతంలో ఇల్మెనైట్, గార్నెట్ లాంటి బరువైన ఖనిజాలు ఇసుకలో ఉన్నాయి, అక్కడ వాటిని తవ్వి తీస్తారు కూడా. అల వెనక్కి వెళ్తూ తేలిక ఇసుకను తీసుకుపోతుంది, బరువైన రేణువులు వెనకబడి నల్లటి, వంకాయరంగు చారలుగా మిగులుతాయి. ఎండు ఇసుకకు ఎల్లో ఓకర్ నాలుగు పాళ్లు, బర్న్‌ట్ సియన్నా ఒక పాలు, అల్ట్రామెరీన్ బ్రష్ కొసంత. తడి ఇసుకకు ఇదే మిశ్రమంలో సియన్నా, అల్ట్రామెరీన్ పెంచండి. నల్లచారలకు అల్ట్రామెరీన్, సియన్నా సమంగా కలిపి అలిజరిన్ చుక్క వెయ్యండి. ఈ చారలు నీటి అంచుకు సమాంతరంగా, తెగుతూ, వంకరగా సాగాలి. గార్నెట్ ఎక్కువున్న చోట గులాబి ఛాయ కనిపిస్తుంది: అలిజరిన్ సగం, సియన్నా సగం, బాగా పలచన.

సరుగుడు పచ్చగా ఉండదు, బూడిద పట్టిన పచ్చ. అల్ట్రామెరీన్, ఎల్లో ఓకర్ కలిపి సియన్నాతో దాని పచ్చదనాన్ని తగ్గించండి. మొగలి పొదకు సెరూలియన్, ఓకర్. దాని ఆకు వంగిన చోట ఆకాశపు వెలుగు పడి దాదాపు తెల్లగా మెరుస్తుంది, అక్కడ కాగితాన్ని వదిలెయ్యండి. గంజాం మొగలిపూల అత్తరుకు పేరున్న జిల్లా, ఆ పొదలు తోటల గట్ల మీద కంచెల్లా ఉంటాయి. బొమ్మ అంచులో ముందుభాగానికి అంతకన్నా మంచి ఆకారం దొరకదు. దిబ్బ మీద పాకే మేకగిట్ట ఆకుల తీగకు ఊదాపూలు ఉంటాయి. నాలుగు చుక్కలు చాలు, ఐదోది వేస్తే పూలతోట అవుతుంది.

నీళ్లు కాలాన్ని బట్టి మారతాయి. చలికాలంలో దూరాన అల్ట్రామెరీన్, దగ్గర సెరూలియన్, విరిడియన్. వర్షాకాలం చివర నదులు మట్టి తెచ్చినప్పుడు మొగల దగ్గర ఓకర్, సియన్నాలే ఎక్కువ, నీలం ఆకాశపు ప్రతిబింబంలో మాత్రమే. సెప్టెంబరులో బాహుదా మొగను నీలంగా వేస్తే అది ఈ ఊరి సముద్రం కాదు.

బొమ్మ, మొదటి నుంచి

కాగితం 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు), కోల్డ్ ప్రెస్ (కొంచెం గరుకు రకం), ఏ4 సైజు, నాలుగు వైపులా టేపుతో చెక్కకు అంటించాలి. బ్రష్‌లు: అంగుళం బల్లపరుపు బ్రష్ ఒకటి, గుండ్రటివి 8, 4 నంబర్లు, సన్నటి పొడుగు రిగ్గర్ 2 నంబరు. మూడు చట్రాల్లోంచి ఒకటి ఎంచుకోండి. అందంగా గీసినదాన్ని ఎంచుకోవద్దు, చూడగానే కాళ్లకు ఆ చోటు గుర్తొచ్చేదాన్ని ఎంచుకోండి. పెన్సిలుతో నాలుగు గీతలు: దిగంతం, నీటి అంచు, దిబ్బ అంచు, తోట పై అంచు. ఐదో గీత వద్దు.

చిక్కదనాన్ని మూడు మెట్లుగా అనుకోవాలి: మజ్జిగతేట, పాలు, పెరుగు. ఆకాశం మజ్జిగతేట. బఠాణీ గింజంత రంగుకు రెండు చెంచాల నీళ్లు. దిగంతం దాకా కాగితాన్ని శుభ్రమైన నీళ్లతో తడిపి, మెరుపు తగ్గి పట్టులా అయ్యేదాకా ఆగండి. అడుగున ఓకర్ చాలా పలచగా, దాని మీద అలిజరిన్ పలచగా, పైన సెరూలియన్. మధ్యలో ఆ గులాబి పట్టీ తప్పనిసరి. ఓకర్, నీలం నేరుగా తాకితే ఆకాశం పచ్చబడుతుంది, తెల్లవారు ఆకాశాల్లో సగం ఇక్కడే పాడవుతాయి. చెక్కను 15 డిగ్రీలు వాల్చి వదిలెయ్యండి, మళ్లీ తాకొద్దు.

ఆరడం దగ్గర ఓపిక పట్టాలి. తీరపు తేమలో కాటన్ కాగితం పైకి ఆరినట్టున్నా లోపల తడి ఉంటుంది. అరచెయ్యి వెనకభాగం కాగితానికి ఆనించండి. చల్లగా తగిలితే తడి ఉన్నట్టే. ఫ్యాను కింద 40 నిమిషాలు, లేదా హెయిర్ డ్రయ్యర్ ఒక జానెడు దూరం నుంచి.

సముద్రానికి ముందు మెరుపును కాపాడుకోండి. కొవ్వొత్తి కొసతో, మెరుపు దారి పడేచోట అడ్డంగా చిన్న చిన్న గీతలు గియ్యండి. దిగంతం దగ్గర దట్టంగా, సన్నగా. దగ్గరికి వచ్చేకొద్దీ దూరదూరంగా, పొడుగ్గా. రంగు అంటకుండా ముందే పూసే మాస్కింగ్ ద్రవం ఈ ఉక్కకు పనికిరాదు, కాగితానికి పట్టేసుకుని పీకేటప్పుడు పొర లేచిపోతుంది. ఇప్పుడు బల్లపరుపు బ్రష్‌తో పాల చిక్కదనంలో, ఎడమ నుంచి కుడికి ఒక్క ఊపులో పట్టీలు లాగండి. దిగంతం దగ్గర ఒక్క ముదురు పట్టీ, ఒడ్డుకొచ్చేకొద్దీ లేత.

అలలు ఎక్కడ విరుగుతాయో అడుగున ఉన్న ఇసుక చెబుతుంది. అల ఎత్తు నీటి లోతులో సుమారు 0.78 వంతుకు చేరగానే అది కూలుతుంది. కాబట్టి దూరంగా ఒక తెల్లగీత, మధ్యలో నిశ్చలమైన నీళ్లు, మళ్లీ ఒడ్డున తెల్లగీత కనిపిస్తే, దూరపు గీత కింద ఇసుకమేట ఉందన్నమాట. ఆ మధ్య నీళ్లను ప్రశాంతంగానే వెయ్యండి, అలలతో నింపొద్దు. తెల్లగీత ఒకచోట తెగి అక్కడ ముదురు నీళ్లు సందులా కనిపిస్తే, అది సముద్రంలోకి లాగే ప్రవాహం కావచ్చు. బొమ్మలో అది మంచి విరామం, స్నానానికి మాత్రం ఆ సందు దరిదాపులకు వెళ్లొద్దు. అలల మధ్య ఎడం సమంగా ఉంచొద్దు: దిగంతం వైపు 2 మిల్లీమీటర్లు, తర్వాత 8, ఒడ్డున 25. ఎదురు వెలుగులో అల ముఖం పైభాగం పలచగా ఉండి వెలుగు లోపలికి దూరుతుంది, అక్కడే ఉసిరికాయ పచ్చ, అడుగుభాగం ముదురు.

నురగ తెలుపు కాదు. ఎండ తగిలిన అంచు మాత్రమే తెల్ల కాగితం, మిగతాదంతా అల్ట్రామెరీన్‌లో సియన్నా చుక్క వేసిన నీలిబూడిద. నురగంతా తెల్లగా వదిలేస్తే అది దూదిలా కనిపిస్తుంది.

తడి ఇసుక ఈ బొమ్మలో అన్నిటికన్నా సొగసైన పని. ముందు ఇసుక మిశ్రమాన్ని వేసి, అది తడిగా ఉండగానే ఆకాశపు రంగుల్ని తలకిందులుగా, నిలువు గీతలుగా కిందికి లాగండి. పైన గులాబి, కింద సెరూలియన్. వెంటనే బల్లపరుపు బ్రష్‌ను పిండి, ఒకే ఒక్కసారి అడ్డంగా లాగండి. నిలువు ప్రతిబింబం, అడ్డం నేల. రెండూ ఉంటేనే అది తడిగా నమ్మిస్తుంది. ప్రతిబింబం అసలుదానికన్నా ఒకటి నుంచి ఐదు అంకెల లెక్కలో అర అంకె ముదురుగా ఉండాలి.

పరుగెత్తేవాళ్లకే తెలిసిన వివరం ఒకటి ఇక్కడ పెట్టొచ్చు. తడి ఇసుక మీద పాదం మోపగానే దాని చుట్టూ ఇసుక క్షణం పాటు ఎండినట్టు తెల్లబడుతుంది. ఒత్తిడికి రేణువుల మధ్య సందులు పెరిగి, పై నీళ్లు లోపలికి ఇంకడమే కారణం. పరుగెత్తే మనిషిని బొమ్మలో పెడితే ఆ నేల మీదున్న కాలి కింద తడి రంగును పిండిన బ్రష్‌తో కొంచెం ఎత్తెయ్యండి. వెనకున్న పాదముద్రల్లో నీళ్లు నిండి ఆకాశం మెరుస్తుంటుంది. పరుగు ముద్రలు నడక ముద్రలకన్నా ఎడంగా, మడమ కంటే మునివేళ్ల దగ్గర లోతుగా ఉంటాయి.

చివర తోట. పెరుగు చిక్కదనం. 8 నంబరు బ్రష్‌ను రుమాలు మీద ఒత్తి, పొడిగా, పక్కవాటుగా కాగితం గరుకు మీద కింది నుంచి పైకి ఈడ్చండి. సరుగుడు కొసలు ఈకల్లా తెగుతూ రావాలి. ముద్ద మధ్యలో మూడు, నాలుగు ఆకాశపు కంతలు వదలాలి. మొదళ్లు రిగ్గర్‌తో. అన్నీ నిట్టనిలువుగా వెయ్యొద్దు. 2013 అక్టోబరులో పైలిన్ తుఫాను, 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఈ తీరాన్ని కొట్టాయి. శ్రీకాకుళం తీరంలోని ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. గాలికి వంగి మళ్లీ నిలువుగా పెరిగిన చెట్లు, మోడుగా మిగిలిన కొబ్బరి బోదెలు ఇక్కడి ఆకాశంలో భాగమే. వాటిని సరిచేసి వెయ్యడం ఈ ఊళ్ల గురించి అబద్ధం చెప్పినట్టే.

చెడిపోయేవి, ఎందుకు

ఆకాశంలో గోబీపువ్వు అంచులా మచ్చ వస్తే, సగం ఆరిన రంగులోకి నీళ్లు ఎక్కువున్న బ్రష్ తాకిందన్నమాట. దిద్దబోతే పెరుగుతుంది. పూర్తిగా ఆరనిచ్చి దాన్ని మబ్బుగా మార్చండి, లేదా అలాగే వదిలెయ్యండి.

రంగు కాగితం మీద పారకుండా బ్లాటింగ్ పేపర్ మీద సిరాలా పీల్చుకుంటే తప్పు మీది కాదు. తేమకు కాగితం పైపూత పాడైంది. విప్పిన ప్యాకెట్‌ను గట్టి మూత డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి. వర్షాకాలంలో ఇలా చెయ్యకపోతే పసుపు బూజుచుక్కలు కూడా వస్తాయి.

బొమ్మంతా బురదగా ఉంటే మూడు కన్నా ఎక్కువ రంగులు ఒకేచోట కలిశాయి, లేదా అడుగుపొర ఆరకముందే పైపొర వేశారు. బొమ్మంతా చప్పగా ఉంటే అంకెలు తిరగెయ్యండి. ఎక్కడా ఐదు లేదేమో చూడండి. ఎక్కువసార్లు తోట అడుగున ఇంకొక్క ముదురు పూత వెయ్యగానే సముద్రం వెలుగుతుంది. తెల్ల గువాష్‌తో వెలుగు తేవాలని చూడొద్దు.

దూరపు కొండలు దగ్గరికి వచ్చేస్తే అంచు మరీ పదునుగా ఉంది. అడుగు అంచును శుభ్రమైన తడి బ్రష్‌తో కరిగించండి. కొండ పాదం ఎప్పుడూ శిఖరం కన్నా లేతగా ఉండాలి, తేమ, దుమ్ము కిందే ఎక్కువ కాబట్టి.

టేపును బయటివైపుకు, కాగితానికి దాదాపు సమాంతరంగా పట్టుకుని పీకండి. బొమ్మ వెనక పెన్సిలుతో తేదీ, వేళ, పోటో పాటో, గాలి ఏ వైపు నుంచి వచ్చిందో, ఎన్నో కిలోమీటరు దగ్గర ఆగారో రాసి, ఆ చట్రమున్న స్కెచ్‌బుక్ పేజీ నంబరు కూడా వెయ్యండి. వచ్చే పక్షంలో అదే తిథికి పాటు దాదాపు అదే వేళకు వస్తుంది, అదే చోట మళ్లీ ఆగొచ్చు.